అక్క దింపిన విమానం

ఈ ఊళ్ళో అక్క ఆఖరిసారి విమానం దింపేది గురువారం రాత్రి ఎనిమిదిన్నరకు. ఆమె సరుకుల విమానం నడుపుతుంది. మర్నాటి నుంచి ఆమెకు సముద్రానికి అవతల డ్యూటీ. తమ్ముడికి పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో ఉంది.

పైలట్ కావాలని మొదట ఉబలాటపడింది తమ్ముడే. అక్క అతనికి తోడుగా దరఖాస్తు పెట్టిందంతే. కంటి పరీక్షలో రంగుచుక్కల మధ్య అంకె చదవమంటే అతనికి ఏ అంకే కనబడలేదు. ఎరుపూ ఆకుపచ్చా రెండూ మట్టిరంగే. ఆమె వెళ్ళింది, అతను ఉండిపోయాడు. పదకొండేళ్ళయింది.

తను దింపుతుంటే విమానం బయటికి ఎలా కనిపిస్తుందో ఎన్నడూ చూడలేదని, ఒక్క ఫొటో తీసిపెట్టమని ఆమె అడిగింది.

వారం ముందు నుంచే అతను విమానాశ్రయం కంచె పక్క రోడ్డు మీద సాధన మొదలుపెట్టాడు. కాపలా ఆయన కెమెరా స్టాండు పెట్టనివ్వలేదు, చేత్తో పట్టుకుని ఎన్నయినా తీసుకోమన్నాడు. స్టూడియోలో కదిలినవాళ్ళను కసురుకోవచ్చు. విమానాన్ని ఏమని కసురుతాడు? షటర్ సెకనులో ముప్పయ్యో వంతు పెడితే విమానం సున్నం పూసినట్టు సాగిపోయింది. వెయ్యో వంతు పెడితే చీకట్లో రెండు చుక్కలు మిగిలాయి. మసక వెలుతురునూ పట్టే ఐఎస్ఓ అంకె మరీ పెంచితే బొమ్మంతా ఇసుక చల్లినట్టయింది. చివరికి లెన్సు పూర్తిగా తెరిచి, ఐఎస్ఓ ఆరువేల నాలుగువందల దగ్గర ఆపి, షటర్ నూట ఇరవై అయిదో వంతుకు పెట్టాడు. మోచేతులు డొక్కలకు ఆనించి విమానంతోపాటే నడుం తిప్పడం అలవాటు చేసుకున్నాడు.

గురువారం అక్క వేళకే వచ్చింది. అతను ఆపకుండా నలభై ఫొటోలు తీశాడు. విమానం దిగి, నెమ్మదిగా మలుపు తిరిగి కంచెకు ఎదురుగా ఆగింది. ముందు అద్దం వెనక లైటు వెలిగింది. లోపల అక్క చెయ్యెత్తింది. ఆగి ఉన్నదే కదా అని అతను షటర్ ముప్పయ్యో వంతుకు తగ్గించి మూడుసార్లు నొక్కాడు. లైటు ఆరిపోయింది.

తరువాత పార్కింగులో ఇద్దరూ కెమెరా తెర మీదికి వంగారు. కదిలే విమానం ఒక ఫొటోలో చెక్కినట్టు పడింది. రెక్క చివర ఎరుపు భలే వచ్చిందని అక్క అంది. అతను ఆమె మాట నమ్మాడు. ఆగిన విమానం మాత్రం మూడింటిలోనూ చెదిరిపోయింది.

"ఇదేంట్రా, నిలబడ్డది ఊగిపోయింది?"

"చెయ్యి వణికింది."

అక్క తెర మీంచి తలెత్తింది. "నీ సీట్లో నేను కూర్చున్నానని ఎప్పుడైనా అనిపించిందా?"

"అనిపించింది. ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది," అన్నాడు. "కానీ నువ్వు దిగావని తెలిసేదాకా నాకు నిద్ర పట్టదు."

ఆమె అతని భుజం మీద చెయ్యి వేసి, కారు దాకా తియ్యలేదు.

పై గురువారం కూడా అతని కాళ్ళు కంచె దగ్గరికే నడిచాయి. అదే విమానం, ఎవరో కొత్త పైలట్. ఫొటో ఇంకా బాగా వచ్చింది. అక్కకు పంపాడు. ఎవరు దింపారని ఆమె రాసింది. ఎవరో తెలియదని, నీకంటే మెత్తగానే దింపాడని రాశాడు.

అవతల అప్పుడు తెల్లవారుజాము. ఆమె వెంటనే ఫోన్ చేసి, తిట్టడం మొదలుపెట్టింది. అతను రోడ్డు పక్కన కూర్చుని, ఆమె ఆపేదాకా విన్నాడు.