పాట కింది గొంతు

తెర మీద ముసురు పడుతోంది.

సన్నగా, తెల్లగా, గీతలు గీతలుగా. ఆ ముసురు వెనక ఎవరో కదులుతున్నారు. ఎర్రటి బట్ట ఒకటి మెరిసి, వంకర పోయి, మాయమైంది.

"క్యాసెట్‌కు బూజు పట్టింది అవ్వా. తుడిచిన. జర ఆగు, నిలబడ్తది," అన్నాడు శ్యాం.

రామి ఆగింది. ఆగడం ఆమెకు కొత్త కాదు.

తొర్రూరు బస్టాండు వెనక శ్యాం ఫోటో స్టూడియో. ఒక కంప్యూటరు, పక్కన పాత వీసీఆర్, రెంటి నడుమ ఒక వైరు. క్యాసెట్ ఇటు తిరుగుతుంటే బొమ్మ అటు కంప్యూటర్లోకి పోతుంది, అక్కణ్నుంచి డిస్కులోకి. మనవరాలు అనిత దారి పొడుగునా ఇదే చెప్పింది. రామికి ఒక్కటే అర్థమైంది — చచ్చిపోయిన బిడ్డ ఆ వైరులోంచి రావాలి.

నీలి ఆమెకు ఒక్కతే కూతురు. పెళ్లయిన మూడో ఏడు జ్వరం తగిలింది. ఆటోలో మానుకోట దవాఖానకు తీసుకుపోతుంటే, దారిలోనే...

అప్పటికి అనితకు మాటలు కూడా రాలేదు.

ఆ రోజు నుంచి రామి పాడలేదు.

అంతకుముందు తండాలో ఏ పెళ్లీ రామి గొంతు లేకుండా కాలేదు. అత్తారింటికి పోయే పిల్ల తల్లి మెడ పట్టుకుని, తమ లంబాడీ బాసలో ఏడుస్తూ పాడుతుంది. పాడుతూ ఏడుస్తుంది. దాన్ని ఢావ్లో అంటారు. నీలికి నేర్పింది రామే — మిరప చేలో, వంగి కాయలు కోస్తూ, కోస్తూ.

నీలి పోయాక ఆ పాటా పోయింది. నోట్లో లేదు. గొంతులో లేదు. ఎక్కడ వెతకాలో తెలియదు.

ఇప్పుడు అనిత పెళ్లి. తండాలో పెళ్లంటే ఇప్పుడు డీజే. ఈ కాలం ఆడపిల్లలకు ఢావ్లో రాదు. అనితకు మాత్రం అమ్మ పాడిందే పాడాలని ఉంది. అంతకన్నా ముందు, అమ్మ గొంతు ఎట్లుంటదో ఒక్కసారి వినాలని ఉంది. అందుకే సందుగలో చీరల అడుగు నుంచి అమ్మ పెళ్లి క్యాసెట్ తీసింది. దాన్ని ఆడించే మిషను తండాలో ఎవరింట్లోనూ లేదు.

ముసురు వెలిసింది. తెర తేటపడింది.

నీలి.

పచ్చటి పందిరి కింద. అద్దాల రవికె, మోచేతుల దాకా గాజులు, పసుపు ముఖం. తెర మీది అమ్మ, ఇప్పటి అనిత కన్నా చిన్నపిల్ల. రామి చెయ్యి తనకు తెలియకుండానే తెర దాకా పోయి, ఆగింది.

నీలి తల్లి మెడ చుట్టూ చేతులు వేసింది. నోరు తెరిచింది. పెదాలు కదిలాయి —

సినిమా పాట వచ్చింది.

తబలా, వయొలిన్లు, ఎవరిదో మగగొంతు. పెదాలు కదులుతూనే ఉన్నాయి. పాట మోగుతూనే ఉంది.

"అన్నా, ఆ పాట తీసెయ్యి. అమ్మ గొంతు పెట్టు," అంది అనిత.

శ్యాం చేతులు ఆగిపోయాయి. మెల్లగా చెప్పాడు.

"అప్పట్ల అందరు గిట్లనే చేసేటోళ్లు చెల్లె. ఏడ్పులుంటే చూడబుద్ధి గాదని అసలు సప్పుడు తీసేసి పాటలు ఎక్కిచ్చేది. గిది మా నాయిన చేసిందే."

"మరి అసలు క్యాసెట్?"

"గది మల్ల ఇంకో పెండ్లికి వాడేటోళ్లు."

ఇంకో పెళ్లి. నీలి ఏడుపు మీద ఎవరి నవ్వో. ఆ నవ్వు మీద మళ్లీ ఎవరి ఏడుపో.

అనిత లేవలేదు. అయ్యేదాకా చూస్తానంది. ఒక పాట అయిపోయింది. ఇంకో పాట మొదలు కాలేదు. ఆ రెంటి నడుమ, పాట ఎక్కించని చోట, ఒక్క రెప్పపాటు —

"యాడీ..."

అంతే. మళ్లీ తబలా.

"అన్నా! వెనక్కి పో, వెనక్కి!"

యాడీ. అంటే అమ్మా అని. శ్యాం ఆ ముక్కను కోసి, గరగర తగ్గించి, విడిగా వినిపించాడు. అనిత రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారాయి.

"విన్నవా నానీ? మా అమ్మ... మా అమ్మ," అంది అమ్మమ్మతో.

రామి విన్నది.

ఆ గొంతు నీలిది కాదు.

పైకి పోయి, కొసన సన్నగా విరిగే ఆ జీర ఎవరిదో రామికి తెలుసు. ఆ రోజు బిడ్డను పట్టుకుని, ఎప్పుడో పోయిన తన తల్లిని పిలుస్తూ ఏడ్చింది తనే. అది తన గొంతు. పాడే రోజుల నాటి గొంతు.

వెంటనే అనుమానం వచ్చింది. తల్లీబిడ్డలది ఒకటే గొంతు, గోడ చాటునుంటే పోల్చుకోలేమని తండా అంతా అనేది. తెర మీద చూస్తే, ఒకరి భుజంలో ఒకరి ముఖం దాగి ఉంది. ఎవరి పెదాలూ కనబడవు.

"చెప్పు నానీ. అమ్మదే గదా?"

శ్యాం కూడా తిరిగి చూశాడు.

"అవ్ బిడ్డా," అంది రామి. "మీ అమ్మదే."

అన్నాక అనిపించింది — నీలి ఇంకోసారి పోయినట్టు... ఈసారి తన చేతుల్లోంచే పోయినట్టు.

సాయంత్రం బస్సులో అనిత డిస్కును ఒడిలో పెట్టుకుంది. ఆ ముక్కను ఫోన్లో కూడా వేయించుకుంది. ఇయర్‌ఫోన్ ఒకటి తన చెవిలో, ఒకటి నాని చెవిలో.

యాడీ.

కిటికీ అవతల తడిసిన పత్తి చేలు వెనక్కి పోతున్నాయి.

యాడీ.

"నానీ, గీ మాట తర్వాత అమ్మ ఏం పాడింది?"

రామి నోరు తెరిచింది. బస్సు గుట్ట ఎక్కుతోంది. ఇంజను గట్టిగా మూలిగింది. ఆ మూలుగు కింద, కొసన సన్నగా విరిగే జీర ఒకటి లేచింది.

అనిత చెవిలోది తీసేసి, ఇంకా దగ్గరికి వంగింది.