మెడమీది ఊదాగీత

గోదావరికి మహావరద వచ్చి లంకలనెల్ల ముంచిపోయిన యేటికి మూడవ యేడు. ఆషాఢము కడచి శ్రావణము చొచ్చినది. ఎగువ కొండలలో కురిసిన వానలచే ఎర్రబారిన నీరు వేళ్ళతో పెకలిన చెట్లను విడివడిన తాటిదూలములను ఏ పాకనుండియో కొట్టుకొనివచ్చిన కప్పుగడ్డిని మోసికొని గట్ల నొరసికొనుచు సముద్రాభిముఖముగా సాగుచుండగా, మేఘభారావనతమైన ఆకాశము తడిసిన కంబళివలె క్రిందికి జారి పట్టణముపై వ్రేలాడుచుండగా, ఆ తీరమందలి క్యాన్సరు ఆసుపత్రి మెట్లపై రోగులును వారి బంధువులును గొడుగులు ముడిచి బారులు తీరి కూర్చుండిరి. ఆ మెట్లు దిగి నేలమాళిగకు పోయినచో వాన చప్పుడు వినరాదు. అచ్చట ఋతువు లేదు.

ఆ నేలమాళిగలో మూడడుగుల మందము గల గోడల నడుమ సీసకవచాంతర్గతమై కంటికి కానరాని కిరణములను వెలువరించు కోబాల్టు యంత్రమొకటి యుండెను. రాచపుండుపై ఆ కిరణములను ప్రసరింపజేయుటను జనులు కరెంటు పెట్టుట యందురు. అది కరెంటు కాదు. అయినను ఆ మాటయే నిలిచెను. ఇరువదియారేండ్లుగా ఆ యంత్రమును నడుపుచు రోగిని బల్లపై పరుండబెట్టి దీపపు వెలుగును దేహముపై గీతలతో సరిపోల్చి తలుపు మూసి అద్దపు గవాక్షమునుండి కన్నార్పక కనిపెట్టియుండు పెద్ద టెక్నీషియను పేరు తాతపూడి దేవసహాయము. మనిషి పొడగరి. చేయి మెత్తన. మాట కరుకు. ఇంక నాలుగు మాసములకు ఉద్యోగ విరమణ. ఆ గది తలుపు త్రోయువాడను నేను. చూచినంత చెప్పుదును.

ఆ విద్యకంతకును ఆధారము గీత. వైద్యురాలు నిర్ణయించిన తావున ఊదారంగు మందుతో చర్మముపై నాలుగు గీతలు గీయుదురు. ఆ నాలుగింటి నడుమ పడిన కిరణము రోగమును దహించును. వెలుపల పడినది ఆరోగ్యమును దహించును. చికిత్స ముగియువరకు ఆ తావు తడుపరాదు. ప్రతి సోమవారమును చెవితమ్మెనుండి గీతకు గల దూరమును స్కేలుతో కొలిచి కాగితములోని అంకెతో సరిచూచి పెద్ద టెక్నీషియను సంతకము చేయవలెను. అది నియమము.

ఆ యేడు లంకనుండి సోమాచారి యను వడ్రంగి తన భార్య వీరవేణమ్మను తోడ్కొనివచ్చెను. ఆమెకు దవడక్రింద మెడమీద కోడిగ్రుడ్డంత గడ్డ. వరదలో ఇల్లు కొట్టుకొనిపోగా ద్వారబంధము మొదలుకొని దూలమువరకు తన చేతితో చెక్కి మరల ఇల్లు నిలువబెట్టిన వాడు సోమాచారి. ఆ ఇంటిలో ఒక్క వర్షాకాలమైనను గడపకమునుపే ఇల్లాలికి ఈ వ్యాధి వచ్చెను. ఎడతెగక ముప్పది దినములు చికిత్స జరిగినచో ఇట్టివారిలో పదుగురికి ఏడుగురు గట్టెక్కుదురని డాక్టరు సువర్చలమ్మ చెప్పెను. ఆ ఏడుగురిలో తన భార్య యుండవలెనని ఆసుపత్రి సత్రములో చాపపరచుకొని సోమాచారి దినములు త్రోయుచుండెను.

వారు వచ్చిన రెండవ వారమున ఒక వృద్ధుడు ఉక్కకు తాళలేక నూతికడ స్నానముచేసి రొమ్ముమీది గీతలు చెరిపికొని వచ్చెను. దేవసహాయము బల్లమీదనున్నవానిని లేవదీసి తలుపుకడ నిలిపి బారులో కూర్చున్న ముప్పదిమంది వినునట్లు కేకలువేసెను.

"కడిగేసుకొచ్చావా? ఇదేవన్నా పెళ్ళికొడుక్కి పూసిన పసుపనుకున్నావా, నలిచి కడుక్కోడానికి? పో! మళ్ళీ మొదట్నించీ కాగితం రాయించుకుని రా!"

"బాబ్బాబు, ఉక్కగా ఉంటేనండి..."

"ఉక్కగా ఉంటే గోదాట్లో దూకు!"

బారులో కొందరు నవ్విరి. వృద్ధుడు నవ్వలేదు. మరల కాగితము వ్రాయించుకొని అతడు తన వంతునకు వచ్చుసరికి ఎనిమిది దినములు పట్టినది. బుద్ధివచ్చుటకు అట్లుండవలసినదే యని దేవసహాయము తలచెను. బారులోని బల్లపై గోడవైపు తిరిగి కూర్చున్న వీరవేణమ్మ తన మెడను పమిటచెంగుతో కప్పుకొనెను. అది నేను చూచితిని. అప్పుడు దాని యర్థము నాకు తెలియలేదు.

పండ్రెండు దినముల చికిత్స జరిగినది. పదుమూడవనాటి వేకువను వీరవేణమ్మ అప్పగారు పోయినదని లంకనుండి కబురువచ్చెను. తోడబుట్టినది పోయిన కబురు విన్నవారు తలమీదుగా నీళ్ళుపోసికొనక పచ్చిగంగయైనను ముట్టరాదు. ఆమె సత్రపు కొళాయిక్రింద కూర్చుండి ఏడ్చుచు బిందెలతో నీళ్ళు గ్రుమ్మరించుకొనెను. మైల తీరెను. గీతయు తీరెను.

భార్య మెడను సోమాచారి చూచెను. ఆ వృద్ధుని ఎనిమిది దినములు అతని కనులముందు నిలిచినవి. తరువాత అతడు సంచినుండి పెన్సిలు తీసెను. కొయ్యమీద కొలతలు గీయు పెన్సిలది. తడిచేసినచో ఊదారంగు దేలును. భార్యను చాపమీద కూర్చుండబెట్టి తాను మొదటినాడే కనిపెట్టియుంచుకొనిన కొలత చొప్పున చెవితమ్మెకు రెండువ్రేళ్ళ దిగువను మూలమట్టము ఆనించి నాలుగు గీతలు గీసెను. ఆ చేతికి అంగుళములో నూలుపోగంత తప్పు ఎన్నడును వచ్చియుండలేదు. కాని ఆమె కూర్చుండి గడ్డము వంచియున్నది. ఆసుపత్రి బల్లమీద వెల్లకిల పరుండి తల వెనుకకు వాల్చి గడ్డము పైకెత్తినపుడు మెడ సాగును. ముడుతలోని గీత బొటనవ్రేలి వెడల్పున క్రిందికి జారును. కొయ్య కదలదు. చర్మము కదలును. ఆ సంగతి వడ్రంగికి తెలియదు.

ఆనాడు దేవసహాయము దీపము వెలిగించి ఆమె మెడ చూచి యెన్నడులేని విధమున చిరునవ్వు నవ్వెను.

"ఆచారిగారి ఇల్లాలివనిపించావమ్మా! పదమూడు రోజులైనా గీత బారు తప్పలేదు. అందరూ నీలాగుంటే నాకీ అరుపులెందుకు?"

ఆమె కనులు మూసికొని "ఆయ్" అనెను. అతడది వినయమనుకొనెను.

తరువాత రెండు సోమవారములు గడచినవి. గీతలు అంత తిన్నగా నుండుటచే దేవసహాయము స్కేలు తీయలేదు; కాగితముపై సరియని వ్రాసి సంతకము చేసెను. ఇరువదియారేండ్లు కనులతో చూచిన గీతను మరల స్కేలుతో చూడనేల యనుకొనెను కాబోలు. అట్లు తొమ్మిది దినములు కిరణములు గడ్డయొక్క పై అంచును విడిచి దిగువనున్న మంచి మాంసముపై పడెను.

పదియవనాడు అతడే కనుగొనెను. కిరణములు తగిలిన చర్మము కొన్ని దినములకు కాల్చిన వంకాయవలె నల్లబడును. వీరవేణమ్మ మెడమీద తొలి పండ్రెండు దినముల కిరణములకు పట్టిన నలుపు గీతను దాటి పైకి బొటనవ్రేలి వెడల్పున నిలిచియుండెను. నలుపునకు గీత ఎల్ల కావలెను. ఇచ్చట గీత యొకచోట, నలుపు వేరొకచోట. దేవసహాయము స్కేలు తీసి కొలిచెను. మరల కొలిచెను. మూడవమారును కొలిచెను.

"ఆచారీ, లోపలికి రా. ఈ గీతెవరు గీశారు?"

సోమాచారి గుమ్మముకడనే నిలిచి చేతులు జోడించెను. "నేనేనండి. మా వదిన పోయిన రోజునండి. తలమీంచి నీళ్ళోసుకుందండి. కొలత తప్పలేదండి బాబుగారూ, మూలమట్టమెట్టి గీశానండి."

"నాకు చెప్పొచ్చు కదయ్యా! చెప్పుంటే పది నిమిషాల్లో గీసేవాణ్ణి!"

"ఆ ముసలాయనకి ఎనిమిది రోజులు పట్టిందండి మరి."

ఆ మాటలో నింద లేదు. వడ్రంగి కొలత చెప్పినట్లు చెప్పెను. బల్లమీదినుండి ఆమె సన్నని గొంతుతో "ఆయన్నేవనకండి, నేనే గియ్యమన్నాను. మీ అరుపుకి నాకు భయమండి" అనెను.

దేవసహాయము ఆమెను లేవదీసి బయట కూర్చుండబెట్టి కాగితము చేతబట్టుకొనెను. రోగియే గీత మార్చుకొనెనని వ్రాసినచో తీరిపోవును. అది అబద్ధమును కాదు. మూడు మాసములలో పూలదండయు శాలువయు రానున్నవి. సంతకములు తప్ప సాక్షి లేదు. స్కేలు తీయలేదని యెరిగినవాడను నేనొక్కడనే, నేను నోరు విప్పువాడను కాను. అతడు నావైపు చూచెను. పిదప మెట్లెక్కి డాక్టరుగారి గదికి పోయెను. కాగితములు మోయుటకు నన్నును రమ్మనెను.

డాక్టరు సువర్చలమ్మ అంతయు విని కాగితము త్రిప్పి "ఈ సంతకం మీదేనా దేవసహాయంగారూ?" అని యడిగెను.

"నాదేనమ్మా."

"కొలిచారా?"

"కొలవలేదు."

"రెండోది?"

"అదీ కొలవలేదు."

ఆమె కలము క్రిందబెట్టి కిటికీవైపు చూచెను. బయట వాన కురియుచుండెను. "పై అంచుకి తొమ్మిది రోజులు అందలేదు. మళ్ళీ కలుపుదాం. కానీ మధ్యలో సందు దొరికిందంటే ఈ రోగం ఊరుకోదు. మీకు నేను చెప్పాలా?" అనెను. అతడు తల యూపి బయటికి వచ్చెను.

గీతలు సరిగా గీసి చికిత్స పొడిగించిరి. దేవసహాయము ఒక్కదినమైనను ఆమెను ఇతరుల చేతికి విడువలేదు, ప్రతిదినము కొలిచెను. ఉద్యోగము పోలేదు గాని పెద్ద యను మాటను అతని హోదానుండి కొట్టివేయుచు ఉత్తరువు వచ్చెను. అతడు దానిని మడిచి జేబులో పెట్టుకొనెను. భాద్రపదమున ఆమె ఇంటికి పోవునపుడు గడ్డ కరగినట్లే కనబడెను. మేమందరమును సంతసించితిమి. ఆశ్వయుజమున చెవిక్రింద ఆ పై అంచుననే తిరిగి మొలచెను.

కార్తికమాసమున గోదావరి తేరి నీలమైనది. దేవసహాయము కొలువునకు ఇంక పండ్రెండు దినములున్నవి. ఆనాటి సాయంకాలము సోమాచారి ఒంటరిగా నేలమాళిగకు వచ్చెను. తల గొరిగించుకొనియుండెను. రోగులకు ఇచ్చు నీలియట్ట చీటిని బల్లమీద పెట్టెను. మనిషి పోయినపుడు దానిని తిరిగి ఇచ్చివేయవలెనని దానిమీద అచ్చువేసి యుండును.

"ఎప్పుడు?" అని దేవసహాయ మడిగెను.

"ఏకాదశినాడండి. కొత్తింట్లోనే పోయిందండి."

"తప్పు నాదయ్యా ఆచారీ. నీ గీతది కాదు."

సోమాచారి తన కుడిచేతిని త్రిప్పి చూచుకొనెను. "ఆవిడ చివర్న కూడా మిమ్మల్నేవీ అనలేదండి. 'పాపం, ఆయనకి గీతంటే ప్రాణం' అందండి." అంతియే చెప్పి మెట్లెక్కిపోయెను. దేవసహాయము ఆ చీటిని చేతిలో పట్టుకొని యంత్రము ప్రక్కన, దీపములార్పు వేళవరకు కూర్చుండెను.

మరునాటి ఉదయము అతడు అందరికంటె ముందు వచ్చెను. నేను త్రాగునీటి కుండను పెట్టుకొను పొట్టి ముక్కాలిపీటను అడిగి తీసికొని తలుపు వెలుపల రోగుల బారుకెదుట వేసికొనెను. ఇరువదియారేండ్లు నిలుచుండి మాటలాడినవాడు దానిపై కూర్చుండెను. అట్లు కూర్చుండగా బారులోని బల్లలమీది వారందరును అతనికంటె ఎత్తున నుండిరి. ఒక చేత స్కేలు, ఒక చేత ఊదామందు సీసా. "గీత చెరిగినవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండమ్మా. పది నిమిషాల పని. ఏవీ అనను" అనెను.

తరువాత మూలనున్న ముసలమ్మ యొకతె పమిట తొలగించి భుజము చూపెను. ఆమెను చూచి మరియొకడు చొక్కా గుండీలు విప్పెను. ఆ యొక్క ఉదయముననే అయిదుగురు చెప్పిరి.

అంతకుమునుపు ఇరువదియారేండ్లలో ఒక్కరును చెప్పియుండలేదు.