ఈ రోజే చేరిన మనిషి

పదకొండూ ఇరవైకి ఉజ్వల ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. చదివి కుర్చీలోంచి ఎగిరినంత పని చేసింది.

"సార్! మా ఆయనకు బీమా నంబర్ వచ్చింది!"

ఇబ్రహీంపట్నంలోని కార్మికుల బీమా దవాఖానలో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. భర్త రఘునందన్ బొంగులూరు వైపున్న కంకర క్రషర్‌లో బెల్టు దగ్గర పనిచేస్తాడు. ఊళ్లోవాళ్లందరి కార్డులూ చూసే మనిషి, సొంత మొగుడికి మాత్రం నాలుగేళ్లుగా కార్డు తెప్పించలేకపోయింది. అతను అస్తమానం సిమ్ములు మారుస్తాడని ఆధార్‌కు ఆమె నంబరే ఇచ్చారు.

"జిలేబీలెప్పుడమ్మా?" అన్నాడు పక్క టేబుల్ తాతారావు. రికార్డులు చూసే సీనియర్. సామర్లకోట నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా మాట మారలేదు. "మొత్తానికి మీ ఆయన క్రషర్ సేటుగారి మనసు కరిగిందన్నమాట."

"ఏం కరిగిందో! చూడుండ్రి సార్, చేరిన తేదీ ఇయ్యాల్టిదంట. నాలుగేండ్లు దుమ్ము మింగినంక గిప్పుడు చేరిండంట!"

తాతారావు నవ్వబోయి ఆగాడు. కీబోర్డు మీది చేతులు కదల్లేదు.

"మళ్లీ చెప్పు. చేరిన తేదీ ఎప్పటిదీ?"

"ఇయ్యాల్టిదే. ఏమాయె సార్?"

అతను మానిటర్‌ను ఆమె వైపు తిప్పాడు. జిల్లా సమావేశం కోసం సిద్ధం చేస్తున్న ప్రమాదాల పట్టిక. వివరాలు ఎక్కించింది ఉజ్వలే. మూడేళ్లలో చుట్టుపక్కల క్రషర్లలో పద్నాలుగు ప్రమాదాలు, అందులో ఐదు చావులు. పదకొండు మందికి ప్రమాదం జరిగిన తేదీ, పనిలో చేరిన తేదీ ఒక్కటే. దాని కింద తాతారావు పెద్దక్షరాల్లో రాశాడు: 'మొదటి రోజే ప్రమాదాలు ఎక్కువ. కొత్త కార్మికులకు శిక్షణ ఇచ్చాకే యంత్రం దగ్గరికి పంపాలి.' ఆ సంగతి కనిపెట్టినందుకు రెండు రోజులుగా తనను తానే మెచ్చుకుంటున్నాడు.

"వీళ్లెవరూ కొత్తవాళ్లు కాదమ్మా," అన్నాడు తాతారావు. "దెబ్బ తగిలాకే పేరెక్కిస్తున్నారు."

ఉజ్వల పట్టికను చూసింది. ఫోన్‌ను చూసింది.

రఘునందన్‌కు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మూడోసారి వేరే గొంతు పలికింది. సూపర్‌వైజర్ జగదీశ్వర్.

"ఆఁ వదినా. రఘన్న జర పనిల ఉన్నడు."

"ఫోన్ ఆయనకియ్యి."

"చెప్పిన గద, పనిల..."

"బతికున్నడా?"



"నీకెవలు చెప్పిండ్రు వదినా?"

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. వెనకే తాతారావు ఒక చేతిలో స్కూటర్ తాళం, ఇంకో చేతిలో ఫోన్. నూట ఎనిమిదికి క్రషర్ అడ్రస్ చెబుతూనే బండి తీశాడు.

క్రషర్ దగ్గర రేకుల షెడ్డులో రఘునందన్‌ను టార్పాలిన్ మీద పడుకోబెట్టారు. కుడి మోచేతికి పైన తువ్వాలు బిగించి కట్టారు. కట్టుకింద చెయ్యి నల్లబడి, అది తన మొగుడి చెయ్యేనా అనిపించేలా ఉంది. రఘునందన్ కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఎప్పుడైంది?"

"ఇప్పుడే వదినా," అన్నాడు జగదీశ్వర్.

"పొద్దుగాల," రఘునందన్ పెదాలు కదిలాయి. "తొమ్మిది పదికి. బెల్టు గుంజింది."

తాతారావు వాచీ చూసుకున్నాడు. పన్నెండు కావస్తోంది.

"గప్పటిసంది ఈడెందుకుంచిండ్రు?" అరిచింది ఉజ్వల.

"సర్వర్ డౌన్ ఉండె వదినా." వర్షం వల్ల బస్సు ఆలస్యమైందన్నంత మామూలుగా చెప్పాడు జగదీశ్వర్. "నంబర్ లేకుంట దవాఖానకు తీస్కపోతే కేసయితది. ఇప్పుడే నంబర్ వచ్చె. జీపు తీస్తున్న, అంతల నువ్వొచ్చినవ్."

ఇంతలో అంబులెన్స్ లోపలికొచ్చింది.

జగదీశ్వర్ కూడా ఎక్కాడు. సాగర్ రోడ్డు మీదికి రాగానే ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"డాక్టర్ అడిగితే పదకొండున్నరకైందని చెప్పు. నంబర్ వచ్చినంకనే దెబ్బ తగిలినట్టు ఉండాలె. ముందుగాల అయ్యిందన్నవనుకో, బీమా రాదు. అన్నకేమన్నయితే నీకు పింఛన్ గూడ రాదు. ఇదే పనిల ఉన్నవ్, నీకు నేను చెప్పాల్నా?"

పట్టికలోని పదకొండు ఇళ్ల ఆడవాళ్లతోనూ ఈ మాటే చెప్పి ఉంటాడు ఎవడో ఒకడు. వాళ్లంతా తలూపి ఉంటారు. తలూపకపోతే ఏం తింటారు? ఉజ్వల రఘునందన్ ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పెద్ద దవాఖాన క్యాజువాలిటీలో డాక్టర్ సుసన్న కత్తెర తీసుకుని తువ్వాలు ముడి కిందికి పోనిచ్చింది.

"ఎప్పుడు కట్టారిది?"

"పదకొండున్నరకు మేడం," జగదీశ్వర్ వెంటనే అందుకున్నాడు. "దెబ్బ తగలంగనే కట్టినం. గంట గూడ కాలే."

సుసన్న చేతి రంగు చూసి కత్తెర ఆపింది. "నిజం చెప్పండి. గంటే అయితే ఇప్పుడే విప్పేస్తాను, చెయ్యి నిలవొచ్చు. రెండు గంటలు దాటి చాలాసేపైతే, విప్పగానే చేతిలో పేరుకున్న విషం గుండెకు పోతుంది. గుండె ఇక్కడే ఆగిపోవచ్చు."

"పదకొండున్నరే మేడం." ఆ మాట డాక్టర్‌తో అంటున్నా, జగదీశ్వర్ చూపు మాత్రం ఉజ్వల మీదే ఉంది.

"తొమ్మిది పదికి," అంది ఉజ్వల. "మూడు గంటలు దాటింది మేడం. పొద్దుగాల తొమ్మిది పదికి."

కత్తెర వెనక్కి వచ్చేసింది. సుసన్న ఒక్కసారి జగదీశ్వర్ ముఖంలోకి చూసి, నర్సు వైపు తిరిగింది. "కట్టు ఎవరూ ముట్టుకోవద్దు. ఇలాగే థియేటర్‌కి." తర్వాత గొంతు తగ్గించింది. "చెయ్యి దక్కకపోవచ్చమ్మా. మనిషిని దక్కించుకోవడానికి చూద్దాం."

స్ట్రెచర్ కదిలింది. నర్సు కాగితాలు తెచ్చింది.

"వదినా, ఇంకొక్కపారి ఆలోచించు. రాసినంక మారదు," అన్నాడు జగదీశ్వర్.

ఉజ్వల అతని వైపు చూడలేదు. ప్రమాదం జరిగిన వేళ అన్నచోట నర్సు ఖాళీగా వదిలింది. పెన్ను తీసుకుని తానే తొమ్మిదీ పది అని రాసి, కింద సంతకం పెట్టింది.