గోడ మీద చెయ్యి

"కండెలు సుట్టుడు గూడ ఒక పనేనా?"

మా ఆయన చంద్రమౌళి ఆ మాట నాతో అనలేదు. మా మరమగ్గాల షెడ్డులో సాంచాల మీద పనిచేసే ఇద్దరితో నవ్వుతూ అన్నాడు. నేను రెండు మూరల దూరంలో దారపు కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని ఉన్నాను, మూడు రోజుల జ్వరంతో. నా కండె అందకపోతే సాంచా ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు మాత్రం "ఏమే హేమా, పండుకున్నవా?" అని నా పేరు గుర్తొస్తుంది. పద్దెనిమిదేళ్లుగా నేను చుట్టిన దారమంతా విప్పితే సిరిసిల్ల నుంచి కోరుట్లకు, మా అమ్మగారింటిదాకా పోయి మళ్లీ వస్తుందేమో. అయినా అది పని కాదట.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. అందరికీ అన్నాలు వడ్డించి షెడ్డు ఊడవడానికి వెళ్లాను. సాంచాలు ఆగిపోతే మా వాడలో ఎవరి ఊపిరి వాళ్లకు వినిపిస్తుంది. పోగులు కత్తిరించే చిన్న కత్తెర అక్కడే ఉంది. తీసుకుని, సాంచా వెనక దారం చుట్టిన భీము నుంచి సాగి ఉన్న నిలువు పోగుల పడుగును ఈ చివర నుంచి ఆ చివర దాకా కోశాను. మూడు వేల పోగులు. బట్ట నేస్తుండగా పడుగు మీద కత్తెర పెట్టడమంటే మా నేతోళ్ల ఇళ్లల్లో అన్నం కుండను కాలితో తన్నడమే. పాకే పిల్లలకు కూడా పడుగు తొక్కొద్దని ముందు నేర్పుతాం.

కోశాక మనసు తేలికైందని చెబితే అబద్ధం. కత్తెర అక్కడే పెట్టి, వంటింట్లోకి వచ్చి అంట్లు తోముకున్నాను. షెడ్డు తలుపు దగ్గర ఎవరైనా ఉన్నారో లేదో చూడలేదు.

ఎవరు కోశారని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు, పూజ ఉంది కదా. పదహారేళ్ల మా ఒక్కగానొక్క బిడ్డ. మల్లాపూర్ హాస్టల్ గోడ రెండుసార్లు దూకింది. ఒక పిల్ల తల పగలగొట్టింది. సంచిలో బ్లేడు దొరికిందని ఆ నెలలోనే ఇంటికి పంపేశారు. వాళ్ల బాపు తెగిన పడుగును చూసి, నేరుగా వచ్చి దాని జుట్టు పట్టుకున్నాడు.

"అన్నం బెట్టే సాంచా మీద కత్తెర వెడ్తవానే!"

నేను అడ్డం పడ్డాను. అడ్డం పడి ఏమన్నాను? "ఇడిచిపెట్టు, చిన్నపిల్ల. తెల్వక జేసింది" అన్నాను. నా నోటితోనే అన్నాను. పూజ నా వైపు ఒకసారి చూసింది. అవుననలేదు, కాదనలేదు. దెబ్బలు తప్పించాననుకుని ఆ రాత్రికి నేను అన్నం కూడా తిన్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ తిన్న అన్నం మీదే ఎక్కువ అసహ్యం వేస్తుంది.

వారం తిరగకముందే దాన్ని తంగళ్ళపల్లిలో శ్రీవాణి మేడం దగ్గర చేర్చాం. ఆమె ఒకప్పుడు బడిలో బొమ్మల టీచరు. మూతపడ్డ సాంచాల షెడ్డొకటి తీసుకుని, వెనక ఉన్న ముళ్ల కంప కొట్టించి తోట పెట్టింది. బడి మానేసినవాళ్లు, గంజాయి తాగి దొరికినవాళ్లు, ఇంట్లో ఎవరికీ కొరుకుడు పడనివాళ్లు ఇరవై మంది దాకా వస్తారు. పొద్దున మట్టిలో పని, ఎండెక్కాక షెడ్డు గోడ మీద రంగులు. శనివారం ఇంటి నుంచి ఒకరు వచ్చి, తమ పిల్లతోపాటు అదే మడిలో పని చేయాలని నియమం.

"నాకు పనుంటది. నువ్వేమన్న ఖాళీగుంటవు గద, నువ్వు పో" అన్నాడు ఆయన.

కాబట్టి నేనే పోయేదాన్ని. వాడలో అడిగితే గుడికని చెప్పేదాన్ని. బిడ్డ అక్కడుందని చెప్పుకోవడానికి సిగ్గు. అది ఎందుకు అక్కడుందో తెలిసిన సిగ్గు దాని కింద ఇంకొకటి.

మొదటి శనివారం మా మడిలో తోటకూర గింజలు వేశాం. నేతోళ్లం, మాకు మట్టి సంగతి ఏం తెలుసు? సందు లేకుండా, వరస తప్పకుండా, చక్కగా పక్కపక్కన పోశాం. రెండు వారాలకు మొలకలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ లేచాయి. పక్క మడిలో మనవడితో కలిసి పుంటికూర పెంచుతున్న మొగిలవ్వ వీర్నపల్లి రైతు మనిషి. ఆమె వచ్చి చూసి నవ్వింది.

"గిదేమన్న పడుగానే, గింత దగ్గర దగ్గర ఏస్తిరి? ఒక్కటి గూడ ఎదగది. సగం పీకుండ్రి."

పడుగన్న మాటకు నా చేతులు ఆగిపోయాయి. పూజ మాత్రం నవ్వింది. ఎన్ని నెలలకో. నేను ఒక మొక్క పట్టుకోవడం, పాపం అనిపించి వదిలేయడం. పూజ చకచకా పీకుతూ, తలెత్తకుండా అంది.

"నువ్వు గంతే అమ్మా. పీకవు, సెప్పవు."

దానికి తెలుసా? తెలుసు అంటే నేనేం చేయాలి? అలా పన్నెండు శనివారాలు దాని పక్కన కూర్చుని కలుపు తీశాను. ప్రతిసారీ చెబుదామని పోవడం, కూర కట్ట పట్టుకుని తిరిగి రావడం. పూజ మాత్రం మారింది. నీళ్లకు వంతు వస్తే గొడవ పడకుండా నిలబడేది. రంగులు కలపడం చిన్నపిల్లలకు నేర్పేది. నా అబద్ధం నీడలో నిలబడి కూడా బాగుపడుతోంది, అదీ నా గొప్పతనం కాదు.

నాలుగో నెలలో హాస్టల్ వాళ్లు కబురు పంపారు. మళ్లీ చేర్చుకుంటాం, కానీ పిల్ల ఇప్పుడు మారిందని ఇంటివాళ్లు రాసి సంతకం పెట్టాలి అని.

"పడుగు గోసినదానికి నేను పూచీ ఉండాల్నా? సదివింది సాలు. ఇంట్ల కూసుండి కండెలు సుట్టనీ" అన్నాడు ఆయన.

పని కాని పనికి ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. నా పక్కన ఇంకో మిషను, దాని ముందు నా బిడ్డ.

ఒక్కసారి వచ్చి తోట చూసి చెప్పండి సార్ అని శ్రీవాణి మేడం ఫోన్ చేసి బతిమాలింది. ఆ శనివారం ఆయన మొదటిసారి వచ్చాడు. తోటను చూసీ చూడనట్టు చూశాడు. మేడం మమ్మల్ని షెడ్డు గోడ దగ్గరికి తీసుకుపోయి, పూజ బొమ్మ మీద కప్పిన పాత చీర తీసింది.

గోడ నిండా సాంచా. నీలం పడుగు. పడుగులో సగం తెగి వేలాడుతోంది. తెగిన చోట కత్తెర పట్టుకున్న ఒక చెయ్యి.

"చేసింది దాచుకోలేదు సార్, అందరి ముందూ పెట్టింది. అంతకంటే ఇంకేం మారాలి?" అంది మేడం.

"సిగ్గు లేకుంట బొమ్మ గూడ ఏసిందా!" అన్నాడు ఆయన.

నేను ఆ చెయ్యినే చూస్తున్నాను. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. నా ఏడో ఏట కోరుట్లలో మా నాయనమ్మ పట్టుబట్టి పొడిపించింది. చూపుడు వేలి మీద, దారం ఒరుసుకుని పడిన గీత. పూజకు పచ్చబొట్టు లేదు. అది అన్నీ చూసింది. అన్నీ చూసి, నా నింద మోసి, నాలుగు నెలలు నోరు మూసుకుంది.

ఆయన ఆ బొమ్మకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. గుర్తుపడతాడని నా చెయ్యి కొంగు కింద దాచుకున్నాను. పద్దెనిమిదేళ్లు పూటపూటా ఆయన కంచంలో అన్నం పెట్టిన చెయ్యి అది. ఆయన గుర్తుపట్టలేదు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. పడుగు కోసినప్పుడు పడనంత సిగ్గు ఆ హమ్మయ్యకు పడ్డాను.

"సంతకం లేదు, గింతకం లేదు. రేపటి సంది మిషను మీద కూసుంటది. నడువుండ్రి."

పూజ మాకు వీపు తిప్పి మడికి నీళ్లు పడుతోంది. బతిమాలడానికి రాలేదు. నా వైపు కూడా చూడలేదు. నేను చేతి గాజులు పైకి తోసుకుని గోడ దగ్గరికి నడిచాను. బొమ్మ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను. గోడ ఎండకు కాలుతోంది.

"పూజ బాపూ, గిటు సూడు. పడుగు అది గొయ్యలే. నేను గోసిన."

ఆయన నా చేతిని చూశాడు. గోడను చూశాడు. మళ్లీ నా చేతిని చూశాడు. "నువ్వా?" అన్నాడు, కొత్త మనిషిని అడిగినట్టు.

నీళ్ల చప్పుడు ఆగింది. పూజ డబ్బా పట్టుకుని మా వెనక నిలబడి ఉంది.

"గిది సెప్పనీకి నాలుగు నెల్లు వట్టిందా అమ్మా?"

"వట్టింది బిడ్డా" అన్నాను. ఇంకేం చెప్పను? దాని కళ్లలోకి చూడలేక మేడం చేతిలోని హాస్టల్ కాగితం వైపు చూశాను.

"తల్లి సంతకం చెల్లదా మేడం?"

"చెల్లుతుందమ్మా."

పెన్ను తీసుకుని, ఆ చేత్తోనే పెట్టాను.