జీడి చేతులు

మిషను ఎనభై ఆరు చూపించింది. జోగయ్య దాన్ని కూతురి వేలి నుంచి ఊడదీసి, లుంగీ అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎనభై ఐదు.

"ఎంత నాన్నా?" దుర్గ కళ్ళు మూసుకునే అడిగింది.

"ఇది సరిగ్గా పని సెయ్యట్లేదు. పడుకో."

పొద్దున్నే ఆశా కార్యకర్త నీలవేణి, ఒంట్లో ఆక్సిజన్ కొలిచే ఆ మిషనుని అరుగు మీద పెట్టి, వీధిలో నిలబడే అరిచి చెప్పింది. "బాబాయ్, తొంభైకి తగ్గిందంటే ఒక్క నిమిషం ఆగొద్దు. నాకు ఫోన్ కొట్టు. నూటెనిమిది బండిని పంపిస్తాను."

తగ్గింది. జోగయ్య ఫోన్ కొట్టలేదు.

కిందటి నెల బుల్లమ్మ తన కాళ్ళ మీద తనే నడిచి ఆ బండెక్కింది. ఎక్కేముందు ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది, దువ్వెన సంచిలో వేసుకుంది. "గేదెకి కుడితి పెట్టడం మర్సిపోకు" అంది. పెళ్ళాం నోట అతను విన్న ఆఖరి మాట అదే. తర్వాత ఫోనొచ్చింది. మనిషి రాలేదు, శవమూ రాలేదు. కరోనా శవాలకి ఇప్పటి రూలు ఇంతే అన్నారు. ఎక్కడ తగలబెట్టారో, నిప్పెవరు పెట్టారో అతనికి నేటికీ తెలీదు. రూలు రాసినవాడి ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఇలాగే పోవాలని అతను రోజూ కోరుకుంటున్నాడు. కోరుకున్నందుకు సిగ్గుపడటం లేదు.

ఇప్పుడు మిగిలింది దుర్గ. పలాసలో జీడిపిక్కలు కొట్టే పని ఆమెది. పిక్క పగిలితే చిమ్మే జీడి రసం చర్మాన్ని కాల్చి నల్లగా చేస్తుంది. ఫ్యాక్టరీ మూసేసినా ఆ నలుపు పోలేదు. వేళ్ళు, గోళ్ళు, అరచేయి అంతా బొగ్గు. తల్లి పోయినప్పట్నుంచీ ఆమె ఆ వేళ్ళతోనే అతనికి అన్నం పెట్టింది.

"బావా! దుర్గ గుంటకెలాగున్నాది?"

కంచె అవతల అప్పలసూరి. బుల్లమ్మ తోడబుట్టిన తమ్ముడు. పక్కిల్లే. అక్క పోయిందని తెలిసిన రోజు ఈ మనిషి లోపల్నుంచి గడియ పెట్టుకున్న చప్పుడు జోగయ్య విన్నాడు. పిల్లలున్న ఇల్లు, భయపడ్డాడు అని ఊళ్ళోవాళ్ళు సర్ది చెప్పారు. భయపడనివాడు ఎవడు?

"ఎవుడ్రా నీకు బావ?"

"తిట్టుకో. ముందు నంబరెంతో సెప్పు."

జోగయ్య చెప్పకూడదనుకున్నాడు. కానీ ఆ అంకె పొద్దుట్నుంచీ ఒక్కడే మోస్తున్నాడు. "ఎనభై ఐదు."

అప్పలసూరి కంచె మీదికి వంగాడు. అంతలోనే మొహం వెలిగింది. "ఏ ఏలికి పెట్టినావు? సేతి ఏలికేనా? అది జీడి సెయ్యి కదా! ఆ మిసను ఎర్రలైటేస్తాది బావా. అంత నల్లటి ఏల్లోంచి లైటెలాగెల్తాది? గోరింటాకు పెట్టుకున్నా తప్పు సూపిస్తాదట. నా ఫోన్లో వచ్చినాది."

"నీ ఫోన్లో పచ్చి ఉల్లిపాయ ఉప్పేసుకుని తింటే ఈ రోగం రాదనీ వచ్చినాది. సగం బస్తా తినేసినావు."

"తిన్నాను. రాలేదు కదేటి!"

బుల్లమ్మ ఉంటే పడీ పడీ నవ్వేది. జోగయ్య వెనక్కి తిరిగి గదిలోకి వచ్చేశాడు. బావమరిది వెధవే గాని, మాట మాత్రం చెవిలో జొరబడి కూర్చుంది. జీడి చెయ్యి. అవును మరి. మిషనుకేం తెలుసు పలాస సంగతి? ఊపిరి తగ్గలేదు, నలుపే అడ్డొస్తోంది.

అతనికి ఒంట్లోకి సత్తువ వచ్చినట్టయింది. గిన్నెలో కొబ్బరినూనె, పిడకల బూడిద, చింతపండు పిసికి తెచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. దుర్గ చూపుడువేలు పట్టుకుని తోమడం మొదలెట్టాడు.

"ఏటి నాన్నా ఇది?"

"జీడి వల్ల తప్పు నంబరు సూపిస్తంది. మీ మావ సెప్పినాడు. మరక పోతే సరైన నంబరొస్తాది."

దుర్గ అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. "అయితే తోము" అంది. కాసేపయ్యాక, "ఇంత సుబ్బరంగా తోముతన్నావు. ఎవులైనా పెళ్ళి సూపులకొస్తన్నారేటి?"

"వస్తన్నారు. ఊపిరి బాగా తీసుకునే పిల్ల కావాలంట."

ఆమె నవ్వబోయింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగటానికి అతను వీపు నిమురుతూ కూర్చోవాల్సి వచ్చింది.

చర్మం ఎర్రబడింది గాని నలుపు కదల్లేదు. అయినా మిషను పెట్టాడు. ఎనభై ఎనిమిది. చూశావా, కొంచెం తోమితేనే మూడు పెరిగింది! పరుగున వెళ్ళి గంజి కాచాడు. పొయ్యి ఊదుతూ, ఈ గండం గడిస్తే అరసవల్లి తీసుకెళ్ళి సూర్యనారాయణమూర్తికి మొక్కు తీర్చుకోవాలనుకున్నాడు. భార్య కోసం మొక్కితే ఆ దేవుడు ఏం చేశాడో గుర్తొచ్చింది. అయినా మొక్కుకున్నాడు. మొక్కడానికి ఇంకెవరూ లేరు.

గంజి పట్టుకొచ్చేసరికి దుర్గ పక్కకి ఒత్తిగిలి ఉంది. దుప్పటి జారి ఒక పాదం బయటికొచ్చింది. మడమ పగిలి ఉంది. వేళ్ళు శుభ్రంగా, మామూలు రంగులో ఉన్నాయి.

కాలి వేళ్ళకి జీడి అంటదు.

ఆ ఆలోచన రాగానే జోగయ్య చేతిలో గ్లాసు ఆగిపోయింది. మిషను మంచం మీదే ఉంది. దాన్ని తీసి ఆ బొటనవేలికి పెడితే సరి, నిజమేంటో తెలిసిపోతుంది. అతను వంగాడు. దుప్పటి అందుకుని, పాదం కనబడకుండా కప్పేశాడు.

గంజి తాగించబోయాడు. రెండు గుక్కలు పోయాయి, మూడోది పెదవి పక్కనుంచి కారిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మెడ దగ్గర గుంట లోపలికి పోయి పైకొస్తోంది. మిషను చెప్పకపోయినా కళ్ళున్నవాడికి తెలుస్తుంది. అతను కళ్ళు గోడకేసి తిప్పుకున్నాడు.

"నాన్నా." మాటకీ మాటకీ మధ్య ఆమె గాలి కోసం ఆగుతోంది. "కాలికి... పెట్టి సూడు."

జోగయ్య గ్లాసు కింద పెట్టాడు. "నీకెప్పుడు తోచినాదే?"

"నువ్వు... తోముతన్నప్పుడే."

"మరెందుకు సెప్పలేదు?"

"అమ్మ... ఎల్లినట్టు ఎల్లడం... ఇష్టం లేక." కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. "ఇప్పుడింక... ఊపిరందట్లేదు నాన్నా. పంపించీ."

దుప్పటి తీశాడు. బొటనవేలికి మిషను తగిలించాడు. అంకె కాసేపు ఊగింది. డెబ్భై తొమ్మిది దగ్గర నిలబడింది.

ఫోనెత్తగానే నీలవేణి ఏడుస్తూ తిట్టింది. "పొద్దుట్నుంచీ ఏం చేస్తన్నావు బాబాయ్? నేనెన్నిసార్లు చెప్పాను?"

"తర్వాత తిట్టు. బండి పంపించు."

బండి మధ్యాహ్నానికి వచ్చింది. వీధిలో ఒక్కొక్క కిటికీ మూసుకుంది. దుర్గ నడవలేకపోయింది. జోగయ్య ఆమెని రెండు చేతులా ఎత్తుకుని తీసుకెళ్ళి పడుకోబెట్టాడు. తెల్లటి బట్టల్లో ఉన్న కుర్రాడు మాస్కు తగిలించి ఆక్సిజన్ మీట తిప్పాడు. జోగయ్య ఎక్కబోయాడు.

"పెద్దాయనా, లోపల ఇంకో పేషెంటున్నారు. చోటు లేదు. శ్రీకాకుళం తీసుకెళ్తున్నాం. మీకు ఫోన్ చేస్తారు."

ఫోన్ చేస్తారు. కిందటిసారీ చేశారు. జోగయ్య తలుపు పట్టుకుని వదల్లేదు. దుర్గ మాస్కు వెనక ఏదో అంది, వినబడలేదు. కుర్రాడు అతని వేళ్ళు ఒక్కొక్కటీ మెల్లగా విడదీశాడు. కసురుకోలేదు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. తలుపు పడింది.

జోగయ్య అప్పలసూరి ఇంటి ముందుకెళ్ళి తలుపు గుద్దాడు. "ఒరే! బండి తియ్యి!"

అప్పలసూరి అప్పటికే తాళం చేత్తో పట్టుకుని బయటికొస్తున్నాడు. వెనక అతని పెళ్ళాం ఏదో అరుస్తోంది. "పన్నెండు దాటినాది, కర్ఫ్యూ మొదలైపోనాది బావా. పోలీసులాపుతారు."

"ఆపనీ. ఆపినోడికి నాను సెప్తాను."

బైకు వెనక కూర్చున్నాక జోగయ్య అన్నాడు. "నిన్ను క్షమించి ఎక్కలేదురా. బతికినన్నాళ్ళూ క్షమించను."

"తెలుసు. గట్టిగా పట్టుకో."

హైవే ఖాళీగా ఉంది. నూటెనిమిది బండి సైరన్ ముందు దూరంగా, తర్వాత దగ్గరగా వినబడింది. దాని వెనక అద్దం పాలరంగులో ఉంది. లోపల ఏం జరుగుతోందో కనిపించదు. ఏదో ఒక నీడ వంగింది, లేచింది. కుర్రాడో, ఎవరో.

"ఇంకా దగ్గరగా పోనీ" అన్నాడు జోగయ్య.

"దుమ్ము కొడతాది బావా."

"కొట్టనీ. దాన్నొదలకు."

అప్పలసూరి స్పీడు పెంచాడు.