దిగువ వీధి సమ్మతి

నగరపాలక సంస్థ హాల్లో మైకులు చూసుకునే ఆయనకు మాటలు చెవికెక్కవు. చెవుడేమీ లేదు, చీమ చిటుక్కుమన్నా వింటాడు. కానీ ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు వినీ వినీ మొద్దుబారిపోయాడు. ఎవరు మాట్లాడినా గొంతు పీలగా ఉందా, బొంగురుగా ఉందా అన్నదొక్కటే పట్టించుకుంటాడు. మీటల మీద చెయ్యి తన పాటికి తను పైకీ కిందికీ పోతుంటుంది. "నేను చెప్పేది వింటున్నారా?" అని ఇంట్లో భార్య నిలదీస్తే, "స్పష్టంగా వినబడుతోంది" అంటాడు. ఆవిడ నెత్తి కొట్టుకుంటుంది. కొట్టుకోదూ మరి!

ఆ రోజు హాలు కిటకిటలాడిపోయింది. నదికి అవతలి ఒడ్డున ఉన్న నగరం వాళ్ళు తమ ఒడ్డంతా పూడ్చి, ఎత్తుగా గోడ లేపి, దాని వెనక మేడలూ షికారు బాటలూ కడతామని ప్రణాళిక పంపారు. మీ అభిప్రాయం చెప్పమన్నారు. అటు గోడ లేస్తే వరద ఎటు పోతుంది? ఇటే పోతుంది. ఇటువైపు అన్నిటికన్నా పల్లంలో ఉన్నది దిగువ వీధి. మైకాయన తల్లి కాపురం అక్కడే. మేయరుకేమో అవతలి వాళ్ళు ఒక వంతెన ఆశ చూపారు. ఆ పెద్దమనిషి అప్పుడే దాని మీద కారులో తిరుగుతున్నంత సంబరపడిపోతున్నాడు. అయినా జనాన్ని అడక్కుండా జవాబు పంపితే బాగుండదు గదా, అందుకే ఈ సభ. రికార్డయిన మాటలను బట్టే జవాబు తయారవుతుంది. ఇక చాలనిపిస్తే మేయరు వేలెత్తుతాడు, మైకాయన మైకు తగ్గిస్తాడు. అది వాళ్ళిద్దరికీ ఎప్పటి నుంచో ఉన్న అలవాటు.

దిగువ వీధి వంతు వచ్చింది. వెనక వరస నుంచి కుర్చీలు పట్టుకుంటూ ఓ ముసలావిడ నడిచి వచ్చింది. మైకాయన తల్లే! వస్తున్నట్టు కొడుక్కి మాటమాత్రమైనా చెప్పలేదు. ఆయనకు గుండె ఝల్లుమనాలి, కానీ అనలేదు. అమ్మది పీల గొంతు, కాస్త పెంచాలి అనుకుని పెంచాడు.

"అందరికీ నమస్కారం బాబూ. మా వీధి వాళ్ళంతా కలిసి నన్ను పంపారు. వాళ్ళ ఒడ్డు వాళ్ళిష్టం. గోడ కట్టుకోనివ్వండి, మాకేం కడుపుమంట లేదు..."

మేయరు ముఖం వికసించింది. వేలు లేచింది. మైకాయన చెయ్యి మీటను దించేసింది. ఆ గొంతు ఎవరిదని ఆ చెయ్యి ఆలోచించలేదు. ఆవిడ అదేమీ గమనించకుండా మాట్లాడుతూనే ఉంది, చేతులు తిప్పింది, మధ్యలో ఒకసారి కళ్ళు తుడుచుకుంది. చివరికి మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళి కూర్చుంది. పాపం, కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

సభ అయ్యాక, జవాబు టైపు చేసే గుమాస్తా వచ్చాడు. మంచివాడే.

"అన్నా, మీ అమ్మగారు తర్వాత కూడా ఏదో చెప్పారు. రికార్డులో లేదు. నువ్వు పక్కనే ఉన్నావు గదా, ఏమన్నారో చెప్పు, ఇరికించేస్తాను. లేకపోతే దిగువ వీధికి అభ్యంతరం లేదని పోతుంది. జవాబు ఈ పూటే పంపేస్తారట."

మైకాయన బుర్ర గోక్కున్నాడు. మైకు లేకపోయినా వినబడేంత దగ్గర్లోనే కూర్చున్నాడాయె. ఎంత గింజుకున్నా గొంతు వణికిన సంగతి తప్ప ఒక్క ముక్క గుర్తు రాలేదు. కన్నతల్లి మాట వినలేదని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

"ఆ, ఏముంది! అందరికీ దండాలు చెప్పుకుంది."

"అంతేనా? అయితే సరే" అని గుమాస్తా వెళ్ళిపోయాడు.

చీకటి పడేవేళకు మైకాయన తల్లి ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలోనే ఎదురైంది, ముఖం వెలిగిపోతోంది.

"ఎలా మాట్లాడాన్రా? తడబడ్డానా?"

"బాగానే మాట్లాడావు. ఆ చివర్లో... ఏమన్నావమ్మా?"

"అదేంట్రా, అక్కడే ఉన్నావుగా! కట్టుకోనివ్వండి, కానీ ముందు మమ్మల్ని మెరక మీదికి మార్చండి అన్నాను. లేవలేని వాళ్ళున్నారు మా వీధిలో, వాళ్ళను మార్చేదాకా అక్కడ ఒక్క రాయి పడటానికి వీల్లేదు, మీరు ఒప్పుకోవద్దు అన్నాను. వెనక వాళ్ళక్కూడా వినపడిందా?"

మైకాయనకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. జవాబు అప్పటికే నది దాటిపోయింది. ఇప్పుడు ఈవిడకు ఏమని చెప్పాలి?

"వినపడిందమ్మా" అన్నాడు.

"నాకు తెలుసురా" అంటూ ఆవిడ వీధిలోకి వెళ్ళి ఎదురింటి కిటికీ తట్టింది. ఆ ఇంటి పెద్దాయనకు నడుం పడిపోయింది, మంచం దిగి చాలా కాలమైంది. వాన పట్టిందంటే చాలు, నీళ్ళొస్తాయేమోనని తెల్లార్లూ మెలకువగానే ఉంటాడు.

"అన్నయ్యా, అంతా చెప్పేశాను! మావాడు కూడా అంటున్నాడు, అందరికీ వినపడిందట!"

"అలాగా తల్లీ" అన్నాడు లోపలి నుంచి పెద్దాయన. "అయితే ఇక వాన పడినా నిద్రపోతాను."