ఆడి మాసంలో ఆగిన వేళ్ళు

“ఇవాళ్టికి పన్నెండు వారాలు” అని డాక్టరమ్మ చెప్పగానే అర్చిత మొగం వెలిగింది. పక్కనే ఉన్న అత్త తాయారమ్మ మాత్రం వేళ్ళు ముడవడం మొదలుపెట్టింది. వాళ్ళెక్కిన ఆటో, బజారులోని తమ గాజుల అంగడి చేరేలోపు ఆ వేళ్ళు వారం వారం వెనక్కి నడిచి ఆడి మాసంలో ఆగిపోయాయి.

కొత్త పెళ్ళికూతురు ఆడి నెలంతా, అంటే తమిళ ఆషాఢమంతా, పుట్టింట్లోనే ఉండాలి. తాయారమ్మే కోడల్ని పుట్టిల్లు బాహూరుకి బస్సెక్కించింది, తరవాతి నెల ఆవణి పుట్టాకే పిలిపించుకుంది.

సీమంతానికని పొద్దున పక్కన పెట్టిన పచ్చగాజుల పెట్టె మళ్ళీ పై అరలోకి వెళ్ళిపోయింది.

“ఏమైంది అత్తా?”

“ఆడిలో నువ్వు యాడ ఉండావు?”

“బాహూరులో.”

“భరణి?”

“ఈడ.”

“మరి కడుపు యాడనుంచి వచ్చె?”

అర్చిత నోరు తెరిచేలోపే ఆమె మొగుడు భరణి గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచాడు. “నేనే పోయినానమ్మా. బైకేసుకుని, నీకు తెలీకుండా.”

“కాలికి కట్టుతో నెలంతా మంచంలో ఉంటివి గదరా! బాత్రూముకి గూడా నేనే పట్టుకోనిపోతి. బైకు ఎవరు తోలింది, కట్టా?”

“ఒంటికాలితో…”

గాజులు తొడిగించుకుంటున్న ఒకామె చెయ్యి అలాగే చాపి ఉంచేసింది.

అర్చిత మొగుడి వైపు తిరిగింది. “నువ్వు రాలేదు. ఎందుకు అబద్ధం చెప్పినావు? నీకూ అనుమానమేనా?”

భరణి కట్టు విప్పిన కాలి వంక చూసుకున్నాడు, జవాబు అందులో ఉన్నట్టు.

అర్చిత డాక్టరమ్మకు ఫోన్ చేసి, అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

“చివరిసారి ముట్టు మొదలైన రోజు నుంచి లెక్కేస్తామమ్మా. మొదటి రెండు వారాలూ కడుపులో ఎవరూ ఉండరు.”

“ఎవరూ లేనిదానికి లెక్కేంది?” అంది తాయారమ్మ.

“అందరికీ అంతేనమ్మా. మీకు కూడా.”

అంతవరకు పేపరు దించని మామ వెంకటకృష్ణయ్య అప్పుడు దించాడు. “తాయారూ, భరణి మన పెళ్ళయి తొమ్మిది నెలలకే పుట్టె గదా? ఈ లెక్కన పెళ్ళికి వారం ముందే మొదలయినాడు. అప్పటికి నేను నీ మొగం గూడా చూసిండలేదే!”

గాజులామె పకపకా నవ్వింది. తాయారమ్మ వేళ్ళు రెండు వారాలు ముందుకు నడిచి ఆవణిలో పడ్డాయి. ఆమె చప్పున స్టూలెక్కి పచ్చగాజుల పెట్టె దించింది.

“పప్పు నానేసిన పూట నుంచి వాళ్ళకి లెక్క. మనకి రుబ్బినాకే. ఆస్పత్రి లెక్క ఆస్పత్రిలోనే ఉండనీ. చెయ్యి ఇట్లా ఇయ్యి, కొలత చూస్తాను.”

అర్చిత చెయ్యి ఇవ్వలేదు. “నన్ను అడిగిన మాట?”

తాయారమ్మ కాసేపు గాజులు తుడిచింది. “తప్పే,” అంది, గాజులతో చెప్పినట్టు.

అర్చిత అప్పుడు చెయ్యి చాపింది. భరణి దగ్గరికి రాబోయాడు.

“నువ్వు ఆగు. మా అమ్మకి కడుపు సంగతి నువ్వే పోయి చెప్పు. బాహూరుకి దారి తెలుసు గదా? కాకపోతే ఒంటికాలితోనే పోవాల.”